పడ్డను అంగడికి తోలని మనిషి

(మునుగోడు ప్రాంత పాల రైతులు ఏర్పాటు చేసుకున్న సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పొద్దున పాలు పోసి, పశువులకు మేత వేసి, సాయంత్రం పిండే వేళకు మళ్లీ ఇల్లు చేరాలన్న తొందరను మనసులో పెట్టుకొనే వచ్చిన పాల రైతులందరికీ, ముఖ్యంగా ముందు వరుసల్లో కూర్చున్న అక్కచెల్లెండ్లకు నా దండాలు. ఎవరిని తలుచుకోవడానికి మనం ఇక్కడ చేరామో ఆయన పేరు మీ అందరికీ తెలుసు. బతికున్న రోజుల్లో ఎవరైనా పేరెత్తి పొగడబోతే మధ్యలోనే లేచి కొట్టంలోకి వెళ్లిపోయే మనిషి కాబట్టి, నేను కూడా ఇంట్లో పిలిచినట్టే పెద్దబాపు (పెద్దనాన్న) అనే అంటాను.

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు ఆయన గుణగణాల గురించి చాలా చెప్పారు. ఊరికి సేవ చేశాడనీ, తన పని మానుకొని పదిమంది పనికి పోయాడనీ అన్నారు. ఆ మాటలు నేను కాదనను. కాకపోతే పశువైద్య శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు ఆ జీవితం కొంచెం వేరుగా కనబడుతుంది. పెద్దబాపు తన పని మానుకొని ఊరి పని చేయలేదు. ఆయన చేసిన పనే ఊరు లేకుండా కుదరని పని. పాలు అమ్ముకొని బతకడానికి మూడు బర్రెలు, ఒక కొట్టం చాలు. బర్రెల జాతిని బాగుచేయాలనుకున్నవాడికి మాత్రం పక్కింటి కొట్టం, పక్క ఊరి కొట్టం, వియ్యాలవారి కొట్టం కూడా కావాలి. ఎందుకో చెప్పడానికే ఈ అరగంట తీసుకుంటాను.

ముందు కాలం లెక్క చూద్దాం. బర్రె సూడి కట్టినాక పది నెలల పది రోజులకు ఈనుతుందని మన ముసలివాళ్లు చెప్తారు. పుస్తకాల్లో రాసే 310 రోజుల లెక్క కూడా అదే. పుట్టింది ఆడదుడ్డె అయితే, అది బతికి బట్టకడితే, కడుపునిండా మేపితే, మూడో ఏడు దాటే సమయానికి ఎదకు వస్తుంది, నాలుగో ఏట ఈనుతుంది. మనం మేపే తీరుకు అది ఇంకో ఏడాది వెనక్కు జరగడం మామూలే. పెద్దబాపు వయసులోకి వచ్చేనాటికి మన ఊళ్లలో ఉన్నవన్నీ నాటు బర్రెలు, పూటకు రెండు లీటర్లు ఇస్తే గొప్ప. హర్యానాలోని రోహ్‌తక్, హిస్సార్, జీంద్ ప్రాంతాల ముర్రా జాతి గురించి ఆయన విన్నాడు. ఆ జాతి దున్నపోతుతో నాటు బర్రెను కట్టిస్తే పుట్టే దుడ్డెలో ముర్రా రక్తం సగం ఉంటుంది. ఆ దుడ్డె పెరిగి మళ్లీ ముర్రాకే కడితే మూడొంతులు, దాని బిడ్డలో 87.5 శాతం, మనుమరాలిలో దాదాపు 94 శాతం. నోటితో చెప్తే నాలుగు తరాలు నాలుగు మాటల్లో అయిపోయాయి. కొట్టంలో మాత్రం అది పదహారు నుంచి ఇరవై ఏండ్ల పని, అది కూడా ప్రతి తరంలో ఆడదుడ్డే పుట్టి, ఏదీ చావకుండా ఉంటే. పుట్టేవాటిలో సగం మగవే కదా.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. దున్నపోతుకు పొదుగు ఉండదు. దాని ఒడ్డూ పొడుగూ, కొమ్ముల మెలికా, ఒంటి నలుపూ కంటికి కనబడతాయి గానీ, అది తన బిడ్డలకు ఎన్ని పాలు పంచిపెడుతుందో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. దాని బిడ్డలు పెరిగి, ఈని, పాలిచ్చి, ఆ పాలను ఎవరైనా కొలిచినప్పుడే తెలుస్తుంది. అప్పటికి ఆ దున్నపోతు ముసలిదై ఉంటుంది, లేదంటే కటికకు పోయి ఉంటుంది. ఈ చిక్కు విప్పడానికే వీర్యాన్ని ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల చలిలో దాచే పద్ధతి, ఒకే తండ్రికి పుట్టిన ఆడసంతానాన్ని అనేక ఊళ్లలో కొలిచి తండ్రికి విలువ కట్టే పద్ధతి ప్రపంచమంతా వచ్చాయి. మనకు కరీంనగర్‌లో ఘనీకృత వీర్య కేంద్రం ఉంది. ఊరూరా తిరిగి పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర బండి మీద మోసుకొచ్చే డబ్బాలోని సన్నని స్ట్రాలో ఉండేది అలాంటి సరుకే. కానీ ఒక్క ఇంట్లో ఒక దున్నపోతుకు పుట్టిన బిడ్డలు ఒకటో రెండో ఉంటాయి. ఒక దానికి మేత ఎక్కువ దొరికి ఉండవచ్చు, ఇంకోదానికి పొదుగువాపు వచ్చి ఉండవచ్చు. ఒకటి రెండింటిని చూసి తండ్రిని మెచ్చుకోవడమో, తిట్టడమో చేస్తే మోసపోతాం. ఇరవై ఇండ్లలో చూస్తే మాట తేలుతుంది.

అందుకే పెద్దబాపు నెలకోసారి ఒక లీటరు కొలత డబ్బా పట్టుకొని ఇంటింటికీ తిరిగేవాడు. మొదట్లో ఎవరూ రానివ్వలేదు. పాలు కొలిస్తే దిష్టి తగులుతుందని, పొదుగు ఎండిపోతుందని మనకు ఎంత గట్టి నమ్మకమో ఇక్కడున్నవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ఎన్ని పాలిస్తుందంటే చెంబు అడుగున చూపించి, ఏదో, పిల్లల చాయకు సరిపోతున్నాయి అనడమే మన మర్యాద. ఆయన ఆ నమ్మకంతో తగువు పెట్టుకోలేదు. పెద్దమ్మను వెంట తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఆమె ఆ ఇంటి ఆడవాళ్లతో కూర్చొని మాట్లాడి, తానే స్వయంగా పిండి, నురుగు దిగేదాకా ఆగి కొలిచి, వెంటనే గుప్పెడు ఉప్పు తీసుకొని పొదుగు చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేది. ఉప్పు చిటపటలాడిన తరువాతే లెక్క నోటుబుక్కులోకి ఎక్కేది. ఇప్పుడు నిపుణులు పాల దిగుబడి నమోదు అని దేన్ని అంటున్నారో, ఆ పని మన ప్రాంతంలో ఈ విధంగా ఉప్పు గింజల సాయంతో మొదలైంది.

పెద్దమ్మ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడతాను. సన్మానపత్రాల్లో ఆయన పేరే ఉంది. నా లెక్కలో ఆ పనిలో సగం ఆమెది. బర్రె ఎదకు వచ్చిన సంగతి ఆవు చెప్పినట్టు చెప్పదు. ఆవు అరుస్తుంది, పక్క ఆవు మీద ఎక్కుతుంది, మేత మానేస్తుంది. బర్రె చాలాసార్లు ఏమీ చెప్పదు. దాన్నే మనం మూగ ఎద అంటాం, ఎండకాలంలో అది మరీ ఎక్కువ. చల్లబడినాక రాత్రిపూట వచ్చి, తెల్లారేసరికి తగ్గిపోయే ఎదలు ఎన్నో ఉంటాయి. ఎద ఇరవై ఒక్క రోజులకోసారి వస్తుంది. ఒకసారి తప్పిపోతే ఇరవై ఒక్క రోజుల మేత దండగ, అంతేకాదు, మరుసటి ఈత కూడా అంత వెనక్కు పోతుంది. పెద్దమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఇంకా చీకటి ఉండగానే కొట్టంలోకి పోయి, బర్రెలు పడుకున్న చోట నేలను చూసేది. పడుకున్న బర్రె వెనక నేల మీద గుడ్డు తెల్లసొన లాంటి తీగ కనబడితే గోడకున్న క్యాలెండరు మీద బొగ్గుతో గీత పెట్టేది. మాటిమాటికి మూత్రం పోస్తున్నదా, పాలు చేపడానికి సతాయిస్తున్నదా, తోక పక్కకు పెడుతున్నదా అని చూసేది. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాడు పొద్దున కట్టించాలన్న నియమాన్ని నేను రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో నేర్చుకున్నాను. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అదే మాట ఆమె నాకు చెప్పింది, ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే నవ్వింది.

ఇక దున్నపోతుల మాట. గోపాలమిత్రలు రాకముందు, వచ్చినాక కూడా చాలాకాలం, మన ఊళ్లలో దేవుని పేరున వదిలిన ఒక దున్నపోతే అన్ని బర్రెలకూ దిక్కు. అది మూడు నాలుగేండ్లు ఊళ్లో ఉన్నదంటే, అప్పటికి ఎదకు వచ్చే పడ్డలన్నీ, అంటే ఇంకా ఈనని పడుచు బర్రెలన్నీ, దాని బిడ్డలే. తండ్రి బిడ్డను దాటితే పుట్టే దుడ్డెలు బలహీనంగా పుడతాయి, కట్టడం తగ్గుతుంది, పాలు తగ్గుతాయి. ఈ సంగతిని పంచాయతీ గద్దె దగ్గర కూర్చొని వివరించేటప్పుడు ఆయన శాస్త్రం జోలికి పోలేదు. బిడ్డకు సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు అడుగుతాం, గోత్రం అడుగుతాం, మేనరికమైతే కూడా ఆలోచిస్తాం, మరి బర్రెకు ఎందుకు అడగం అన్నాడు. ఆ ఒక్క మాటకు ఊరు ఒప్పుకుంది. దాంతో మూడేండ్లకోసారి దున్నపోతును ఊరు మార్చే ఏర్పాటు మొదలైంది. మన ఊరిది నాంపల్లి దిక్కు పోవాలి, అక్కడిది చండూరు దిక్కు, చండూరుది మనకు రావాలి. కాగితం లేదు, కరారునామా లేదు. దసరా పోయినాక ఒక రోజు చూసుకొని, కొమ్ములకు నూనె రాసి, మెడలో గంట కట్టి, నడిపించుకుంటూ తీసుకుపోయేవాళ్లు. ఎదురొచ్చిన ఊళ్లలో పిల్లలు వెంటబడేవాళ్లు. పొరుగు ఊరి మనుషులతో చెరువు నీళ్ల కోసం కొట్లాడిన ఏడాది కూడా ఈ దున్నపోతు మార్పిడి ఆగలేదంటే మీరే అర్థం చేసుకోవచ్చు.

ఆడవాటి విషయంలో ఆయన నియమం ఇంకా గట్టిది. మంచి వంశం పడ్డను అంగడికి తోలలేదు, ఎంత ధర పెట్టినా అమ్మలేదు. అమ్మితే అది ఎక్కడికి పోయిందో, ఎన్ని పాలిచ్చిందో, ఏం పుట్టిందో తెలియదు. నోటుబుక్కులో ఆ కొమ్మ అక్కడితో ఎండిపోతుంది. కాబట్టి ఆయన ఇచ్చేవాడు. పెండ్లిలో బిడ్డకు అరణం కింద పడ్డను ఇవ్వడం మనలో పాత ఆచారమే. ఆయనకు ముగ్గురు బిడ్డలు. ముగ్గురికీ ఎదకు వచ్చిన పడ్డలను అరణమిచ్చి పంపాడు, అయితే ఒక షరతు పెట్టాడు: ఆ బర్రెకు పుట్టిన మొదటి మగదుడ్డెను పాలు కోయకుండా పెంచి, నడిచే వయసు వచ్చినాక తనకు చూపించాలి. నచ్చితే అది ఏదో ఒక ఊరి దున్నపోతు అవుతుంది. అల్లుళ్లు మొదట్లో ఎగతాళి చేసుకున్నారని మా పెద్దక్క చెప్తుంది. మామ కట్నం ఇచ్చి మనుమణ్ణి అడుగుతున్నాడని అన్నారట.

తన బిడ్డలను ఇవ్వని ఇండ్లకూ ఆయన పడ్డలు పోయాయి. పాలుకు ఇవ్వడమంటే మీకు తెలిసిందే: ఉన్నవాడు పడ్డను ఇస్తాడు, లేనివాడు మేపి పెంచుతాడు, ఈనినాక ధర కట్టి చెరిసగం పంచుకుంటారు. అందులో పెంచినవాడికి మిగిలేది తక్కువ, ఎందుకంటే తన సగాన్ని దక్కించుకోవాలంటే రెండో సగానికి డబ్బు కట్టాలి, లేదా బర్రెను అమ్ముకోవాలి. పెద్దబాపు ఈ పద్ధతిని కొంచెం మార్చాడు. డబ్బు వద్దు, బర్రె నీదే, మొదట పుట్టిన ఆడదుడ్డె పాలు మరిచినాక నాది అన్నాడు. పైకి దయలాగా కనబడుతుంది. మగదిక్కు లేని ఇండ్లకు, బొంబాయి వలస పోయి చేతులు ఊపుకుంటూ తిరిగొచ్చిన కుటుంబాలకు అది దయే. అదే సమయంలో ఒక జాతిని పెంచేవాడికి ఇంతకంటే మంచి బేరం లేదు. తన కొట్టంలో ఆరు బర్రెలకే చోటుంటే, ఆయన వంశం బర్రెలు ఊళ్లో యాభై ఇండ్లలో తిరిగేవి, వాటన్నిటి పాలూ ఆయనకు తెలుసు, వాటి బిడ్డల్లో మేలైనది మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేది. ఆయన పుణ్యాత్ముడన్నవారితో నాకు పేచీ లేదు, తెలివైనవాడని కూడా ఒప్పుకోమంటాను.

పడ్డ చేతికి రావాలంటే ముందు దుడ్డె బతకాలి. ఈ విషయంలో ఆయన ఇంట్లోవాళ్లతోనూ, ఊరితోనూ కొట్లాడాడు. బర్రెదుడ్డెలు పుట్టిన నెల రెండు నెలల్లో ఎన్ని చస్తాయో పాల రైతుకు తెలియంది కాదు. తల్లి పాల ద్వారానే ఏలికపాములు దుడ్డె కడుపులోకి పోతాయి, తెల్లగా పారుతుంది, నాలుగు రోజుల్లో నీరసించి పోతుంది. రెండో వారంలో ఒక మందు పోస్తే ఆగే చావు అది. బొడ్డుకు టింక్చర్ అయొడిన్ రాయకపోతే ఇంకో రకం చావు. వీటన్నిటికంటే ముందు, ఈనిన గంట రెండు గంటల లోపల జున్నుపాలు దుడ్డె కడుపులో పడాలి. తల్లి గర్భంలో ఉన్నప్పుడు దుడ్డెకు తల్లి రోగనిరోధక శక్తి అందదు. ఆ శక్తి మొత్తం జున్నుపాలలోనే ఉంటుంది, పుట్టిన మొదటి గంటల్లోనే దుడ్డె పేగులు దాన్ని రక్తంలోకి తీసుకోగలవు, రోజు గడిచిందంటే ఆ దారి మూసుకుపోతుంది. మన ఇండ్లలో బర్రె ఈనిందంటే వాడకట్టంతా జున్నుకు ఎదురుచూస్తుంది, పంచకపోతే పిసినారి అంటారు. మాయ పడేదాకా దుడ్డెను తాగనివ్వని అలవాటు కూడా ఉండేది. పెద్దబాపు మొదటి రోజు పిండనివ్వడు. పెద్దమ్మకు వాడకట్టులో తల కొట్టేసినట్టుండేది. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు: దుడ్డె కడుపు నిండి పడుకున్నాకే గిన్నె తేవాలి, రెండో రోజు సాయంత్రం పాలతో చేసిన జున్నే వాడకట్టుకు పోవాలి. అది కొంచెం పలుచగా గట్టిపడుతుంది, మిరియాలు, బెల్లం ఎక్కువ వేసి పెద్దమ్మ దాన్ని కప్పిపుచ్చేది. దుడ్డె చనిపోతే సూది ఇచ్చి పాలు దించే పద్ధతి మీద ఆయనకు ఎంత కోపమో చెప్తే ఈ సభలో కొందరు తల దించుకోవాల్సి వస్తుంది, కాబట్టి దాటవేస్తాను.

ఇన్ని పాలు పుట్టించి ఏం చేసుకోవాలి అన్న ప్రశ్నకు జవాబు ఆయన ఒక్కడి చేతిలో లేదు. 1970లో మొదలై 1996 దాకా సాగిన ఆపరేషన్ ఫ్లడ్ లేకపోతే మన ఊళ్ల బర్రెల పాలు హైదరాబాదు రోడ్డు ఎక్కేవి కావు. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1946లో పుట్టిన సహకార సంఘం నమూనాను వర్గీస్ కురియన్ దేశమంతా పరిచాడు. అందులో బర్రెల వాళ్లం మనం మరిచిపోకూడని పేరు ఇంకొకటుంది, హెచ్.ఎం. దలాయా. బర్రెపాలతో పాలపొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు తేల్చి చెప్పినప్పుడు, చేసి చూపించిన ఇంజనీరు ఆయన. ఆ పని జరగకపోయి ఉంటే చలికాలంలో మిగిలిపోయే బర్రెపాలకు గిరాకీ ఉండేది కాదు, ముర్రా జాతిని పెంచమని రైతుకు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. మన దగ్గర నల్లగొండ, రంగారెడ్డి జిల్లాల పాల ఉత్పత్తిదారుల సమాఖ్య, మనం నార్ముల్ అని పిలుచుకునేది, ఆ వరుసలో వచ్చిందే. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చినాక సంఘాలకు తమ పెత్తనం తాము చేసుకునే వీలు దొరికింది.

ఊరి సంఘంలో పెద్దబాపు అధ్యక్షుడిగా ఉన్నది తక్కువ కాలమే. ఎక్కువ కాలం పరీక్ష బల్ల దగ్గర నిలబడ్డాడు. పాలలో వెన్న కొలిచే గాజు గొట్టం, బ్యుటిరోమీటరులో ముందుగా పది మిల్లీలీటర్ల ఆమ్లం, దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు, తరువాత ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి, బిరడా బిగించి తిప్పితే వెన్న విడిపోయి గొట్టంలో పైకి తేలుతుంది. ఆ గీతను పోసినవాళ్ల కళ్ల ముందే చదవాలనేది ఆయన పట్టు. పాలు పోసే ఆడవాళ్లకు ఆ గీత చదవడం నేర్పించాడు. ఒక ప్రైవేటు వ్యాపారి లీటరుకు రూపాయి ఎక్కువిస్తానని వచ్చి, రెండు బిల్లుల డబ్బు ఎగ్గొట్టి పోయిన సంవత్సరం, సంఘాన్ని వదిలి వెళ్లినవాళ్లను తిరిగి రానివ్వకూడదని కొందరు అన్నారు. వెన్న గీత చదవడం నేర్చుకున్నవాళ్లు ఎక్కడికి పోయినా తిరిగొస్తారని చెప్పి ఆయనే తలుపు తీశాడు.

ఆయన చెప్పినవన్నీ ఒప్పని నేను అనను. జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులు వచ్చినప్పుడు ఆయన వాటిని కొట్టం దరిదాపులకు రానివ్వలేదు. మన ఎండకు అవి రొప్పుతాయనీ, గోమార్ల వల్ల వచ్చే థైలీరియా జ్వరానికి తట్టుకోలేవనీ అన్నాడు. అది నిజమే. కానీ బోరులో నీళ్లుండి, పచ్చిగడ్డి ఉండి, శుభ్రం పాటించగలిగిన కుటుంబాలు సంకర ఆవులతో బాగుపడటం నా ఉద్యోగకాలంలో నేను కళ్లారా చూశాను. ఆవు బర్రెకంటే తొందరగా ఎదకు వస్తుంది, ఏడాదికో ఈత ఈనుతుంది, రోజుకు ఎక్కువ పాలిస్తుంది. వెన్న తక్కువైనా లెక్క కుదురుతుంది. దీని మీద మేమిద్దరం చాలాసార్లు వాదించుకున్నాం, ఎవరి మాట మీద వాళ్లం ఉండిపోయాం.

మేత, నీళ్ల విషయంలో మాత్రం ఆయన చూపును నేను కాదనలేకపోయాను. జొన్న పోయి పత్తి వచ్చిందని మనం చెప్పుకుంటాం. చొప్ప పోయిందని ఆయన చెప్పేవాడు. పత్తికట్టె పొయ్యికి తప్ప పశువుకు పనికిరాదు. వరికోత మిషన్లు వచ్చినాక గడ్డి పొలంలోనే చెల్లాచెదురై, కట్టలు కట్టే యంత్రం వచ్చేదాకా చాలామంది దాన్ని కాల్చేశారు. ఆయన గట్ల మీద సుబాబుల్ నాటించాడు, అరెకరంలో నేపియర్ గడ్డి వేసి, కణుపులను అడిగినవాళ్లందరికీ ఊరికే ఇచ్చాడు. నీళ్లు ఇంకా పెద్ద కథ. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు పేర్లు ఫ్లోరైడు వల్ల దేశమంతా వినబడ్డాయి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన బోర్లలో అంతకు ఎన్నో రెట్లున్న చోట్లున్నాయి. మనుషుల ఎముకలు వంగడం అందరూ చూశారు. పశువుల పండ్లు అరిగి మేత నమలలేకపోవడం, కీళ్లు బిగిసి లేవలేకపోవడం ఎవరు లెక్కబెట్టారు? అయిదో ఈతకే బర్రె కూలబడితే ఆ వంశంలో లోపమా, నీళ్లలో లోపమా? ఈ తేడా తెలియకపోతే జాతిని బాగుచేసే లెక్క మొత్తం తప్పుతుంది. ఆయన బోరునీళ్లు తాగే బర్రెలను, కుంటలో తాగే బర్రెలను నోటుబుక్కులో వేరువేరుగా రాశాడు. కుంట పూడిక తీయించడానికి తిరిగినప్పుడు చేతిలో ఆ పేజీలే ఉన్నాయి. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చినాక గాబులోకి కూడా అవే పట్టించాడు.

ఒకసారి ఆయన నన్ను వెంటబెట్టుకొని అమ్రాబాద్ దిక్కు తీసుకుపోయాడు. నల్లమల అంచున లంబాడీ కుటుంబాలు మేపే తూర్పు పశువులను చూడాలన్నాడు. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు పొడలు, సన్నని గట్టి కాళ్లు, కొండ ఎక్కడంలో మేకకు తీసిపోవు. పాలు తక్కువే, దుక్కికి, బండికి పేరు మోసినవి. ట్రాక్టర్లు వచ్చినాక వాటి గిరాకీ పడిపోయినా, మందలను అడవిలోకి తోలుకుపోయి, వానాకాలం, ఎండకాలం మేత చోట్లు మార్చుకుంటూ, ఏ పుస్తకమూ లేకుండా జాతిని చెడనివ్వకుండా కాపాడుకొచ్చినవాళ్లు ఆ తండాల పెద్దలు. 2020లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ఆ పశువులను పొడతూర్పు పేరుతో ప్రత్యేక జాతిగా గుర్తించినప్పుడు పెద్దబాపు పేపరు చించి నోటుబుక్కులో పెట్టుకున్నాడు. బర్రెల మనిషికి ఆవులతో ఏం పని అని ఎవరో అడిగితే, వాళ్లు చేసిందీ మనం చేసిందీ ఒకటే పని అన్నాడు.

కుటుంబం గురించి ఒక్క సంగతి చెప్పాలి. పెద్దమ్మకు ఆపరేషన్ అవసరమైన ఏడాది ఇంట్లో డబ్బు లేదు. అప్పుడు కొట్టంలో నిండు పాలిచ్చే బర్రెలు రెండు, ఎదకు రాబోయే పడ్డలు మూడు ఉన్నాయి. పాలిచ్చే బర్రెలను అమ్మితే ఇల్లు గడవదని, పడ్డలను అమ్మమని అందరూ చెప్పారు. ఆయన బర్రెలనే అమ్మాడు. ఆ రెండూ అప్పటికే ఇవ్వాల్సిన బిడ్డలను ఇచ్చేశాయని, ముందు కాలం పడ్డల్లో ఉందని ఆయన లెక్క. తరువాత పట్నంలో ఆసుపత్రి మంచం పక్కన నెలకు పైగా కూర్చున్నాడు, ఊరి వైపు తిరిగి చూడలేదు. ఆ నెల ఆయన పడ్డలను మేపింది, ఎద కనిపెట్టింది, కట్టించింది వాడకట్టు ఆడవాళ్లు. పెద్దమ్మ క్యాలెండరు మీద బొగ్గు గీతలు వాళ్లే పెట్టారు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, మా చిన్నక్క చెప్తే తెలిసింది. నా చదువు ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చిన్నక్క చెప్పిందే. మూడు దున్నపోతులు ఆ ఏడాది పొరుగు జిల్లాకు పోయాయట.

ఇప్పుడు ఆ కొట్టాన్ని నడిపేది చిన్నక్కే. ఇక నా చివరి మాటలు పనికి సంబంధించినవి. పెద్దబాపు నోటుబుక్కులన్నీ సంఘం ఆఫీసుకు వచ్చాయి. వాటిలో బర్రెలకు పేర్లున్నాయి గానీ నంబర్లు లేవు. ఇప్పుడు మన పశువులకు చెవిలో పన్నెండంకెల బిల్ల ఉంది. మీ ఇంట్లో ఆ వంశం బర్రె గానీ, పడ్డ గానీ ఉందనుకుంటే, దాని బిల్ల నంబరు, అది పుట్టిన నెల, తల్లి ఎవరింటిదో, ఏ దున్నపోతుకు లేదా ఏ స్ట్రాకు కట్టిందో చిన్నక్క దగ్గర రాయించండి. నెలకోసారి పాలు కొలవడానికి నలుగురు పిల్లలు ఒప్పుకున్నారు, వాళ్లు వచ్చినప్పుడు చెంబు దాచిపెట్టకండి. ఉప్పు కావాలంటే తెచ్చుకుంటామని వాళ్లు చెప్పమన్నారు. దున్నపోతు మార్పిడి ఈ ఏడాది దసరా తరువాత ఉంటుంది, చండూరు నుంచి వచ్చేదానికి, పశువులకు గర్భస్రావం తెచ్చే బ్రూసెల్లా జబ్బు పరీక్ష ముందే చేయించాలని అక్కడివాళ్లతో మాట్లాడాం. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆడదుడ్డెలకు బ్రూసెల్లా టీకా వేయించనివాళ్లు భోజనాలప్పుడు డాక్టరు గారిని కలిసి పేరు ఇవ్వండి, ఆయన వెనక వరుసలో కూర్చొని ఉన్నారు.